ఎవరికి అనే గడి

నేను రాసినవి ఎవరూ చదవరు. వినయం కొద్దీ అంటున్న మాట కాదిది, నా ఉద్యోగమే అలాంటిది. ఇన్వర్టరు కొంటే అట్టపెట్టె అడుగున ఒక చిన్న పుస్తకం ఉంటుంది చూడండి, అందులో తెలుగు పేజీలు నావి. మిక్సీకి రాశాను, నీళ్ళ మోటారుకి రాశాను, ఒకసారి గోడగడియారానికి కూడా రాశాను. జనం వస్తువు బయటికి తీసి, పుస్తకాన్ని పెట్టెలోనే వదిలేసి, పెట్టెను అటక మీదికి ఎక్కించేస్తారు. మా ఇంట్లో మిక్సీకి పుస్తకం రాసింది నేనే. మా ఆవిడ మేధ ఇంతవరకూ దాన్ని తెరవలేదు. మిక్సీ మాత్రం నిక్షేపంగా తిరుగుతోంది.

అలాంటి నన్ను పిలిచి విజయసారథి గారు ఈ పని చెప్పారు. ఆయనది తెనాలిలో మందుల షాపు పైన రెండు గదుల సాఫ్ట్‌వేర్ కంపెనీ. బాపట్ల, చీరాల, పొన్నూరు వైపు వ్యాపారాలవాళ్ళ కోసం ఆయన 'చేరవేత' అని ఒక టూల్ తయారు చేశారు. ప్రెస్సాయన వేసిన శుభలేఖ నమూనానో, చేనేత వ్యాపారి తీసిన చీర ఫొటోనో ఇంటర్నెట్లోకి ఎక్కించి, కస్టమరు ఫోనుకి పంపి, బాగుందా, మార్పులేమైనా ఉన్నాయా అని అడిగి జవాబు తెచ్చిపెట్టడం దాని పని. అయితే ఆ టూల్‌ని నడిపేది మనిషి కాదు. ఒక్కో షాపులో కంప్యూటరులో ఒక ఏఐ ఏజెంటు ఉంటుంది. యజమాని నోటితో చెప్తే చాలు, మిగతాదంతా అదే చూసుకుంటుంది. టూల్‌ని ఎలా వాడాలో ఆ ఏజెంటుకి తెలుగులో రాసిపెట్టాలి. అదీ నా పని.

"పని మొదలెట్టే ముందు ప్రతిసారీ మన సూచనలు చదువుతుందండీ భరద్వాజ గారూ" అన్నారు సారథి గారు.

"మొత్తం చదువుతుందా?"

"మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా."

"మధ్యలో దాటెయ్యడం, తర్వాత చూద్దాంలే అనుకోవడం..."

"అవేం ఉండవండీ. మీరు ఏం రాస్తే అది చేస్తుంది."

ఇన్నేళ్ళకు నాకొక పాఠకుడు దొరికాడు.

ఆ ఆనందంలో నేను రాసిన మొదటి ప్రతి 'ఫైలు అనగానేమి?' అన్న అధ్యాయంతో మొదలైంది. తాటాకు కట్టల దగ్గర్నుంచి ఫ్లాపీల మీదుగా నేటి కాలం దాకా వచ్చాను. సారథి గారు దాన్ని ఏజెంటుకి ఇచ్చి, ఒక ఫొటో పంపమని చెప్పి చూశారు. ఏజెంటు ఇలా జవాబిచ్చింది: "సూచనలు పూర్తిగా చదివాను. చాలా బాగున్నాయి. ఫైలు ఎక్కడ పెట్టాలో మాత్రం అందులో కనపడలేదు."

ఈ జవాబులో నాకు 'చాలా బాగున్నాయి' అన్న ముక్క ఒక్కటే వినపడింది. సాయంత్రం ఇంటికెళ్ళి మేధకి కూడా అంతవరకే చెప్పాను.

"చరిత్ర అదీ తీసేసి, గడులు ఎలా నింపాలో రాయండి. ఒక ఉదాహరణ పెట్టండి. ఉదాహరణ ఉంటే అవి బాగా పట్టుకుంటాయి" అన్నారు సారథి గారు.

కోసేశాను. గడులు నాలుగే. ఫైలు, దాని పేరు, ఎవరికి పంపాలి, వాళ్ళకి రాసే కబురు. 'ఎవరికి' అనే గడిలో ఫోను నంబరు వేయాలి. దాని గురించి "ఈ గడిని ఎట్టి పరిస్థితుల్లోనూ ఖాళీగా వదలరాదు" అని రాసి, నా గంభీరతకి నేనే మురిసిపోయాను. తర్వాత ఉదాహరణ. కబురు గడిలో "నమస్కారమండీ, ఇది ప్రత్యేకంగా మీ కోసం పంపుతున్నాను. చూసి, మీకు ఎలా అనిపించిందో మొహమాటం లేకుండా చెప్పండి" అని రాశాను. పొడిపొడిగా 'ఫైలు జతచేయబడినది' అని ఉంటే ఆత్మీయత ఏముంటుంది?

ఇక నంబరు గడి మిగిలింది. ఏవో అంకెలు వేస్తే తప్పుల తడకలా ఉంటుంది, నిజం నంబరులా ఉండాలని నా పట్టుదల. నాకు కంఠతా వచ్చిన నంబర్లు రెండే. ఒకటి నాది. నా నంబరు అందరికీ ఎందుకులే అనుకున్నాను. రెండోది రేపల్లెలో ఉండే మా అత్తగారు కామేశ్వరమ్మ గారిది. ఆవిడ రోజూ మేధకి ఫోను చేస్తారు, మేధ ఫోను ఎప్పుడూ ఛార్జింగులోనే ఉంటుంది కాబట్టి మాట్లాడేది నా ఫోనులో. అలా ఆ నంబరు నోటికి వచ్చేసింది. ఉదాహరణే కదా అని అదే వేశాను.

ఈసారి సారథి గారి పరీక్షలో ఏజెంటు గబగబా నెగ్గేసింది. పరీక్షకు ఆయన తన నంబరే ఇచ్చారు, అది తన నంబరుకే వచ్చింది. "అదరగొట్టారండీ" అన్నారు. చేరవేతను షాపులకి ఇచ్చేశాం.

కొద్ది రోజులకి మేధ నన్ను చూసే చూపు మారింది. టిఫిన్‌లో అడక్కుండానే ఇంకో పెసరట్టు వేసింది. ఏంటా అని చూస్తుంటే, తనే చెప్పింది.

"అమ్మ ఎంత సంతోషపడుతోందో తెలుసా? అల్లుడు నాకోసం చీరలు చూస్తున్నాడే అని వీధిలో అందరికీ చెప్పుకుంటోందట. నాకొక్క మాట చెప్పలేదేంటండీ మీరు?"

నాకేం అర్థం కాలేదు. అప్పుడు ఏ మనిషైనా చేయాల్సింది ఏంటంటే, నాకేం అర్థం కాలేదని చెప్పడం. నేను పెసరట్టు తుంచుకుంటూ "ఏదోలే, మనసుకి తోచింది" అన్నాను.

"నెమలికంఠం రంగుదైతే చాలా బాగుందట. మీ కబురు కూడా చదివి వినిపించింది. ప్రత్యేకంగా మీ కోసం పంపుతున్నాను, మొహమాటం లేకుండా చెప్పండి అని. పెళ్ళయ్యాక నాతో ఒక్కసారైనా అలా మాట్లాడారా?"

ఆ వాక్యం ఎక్కడో విన్నట్టు అనిపించింది. మంచి వాక్యం అనుకున్నాను కూడా. అది నాదేనని మాత్రం తట్టలేదు. ఏ వీధిలోనో ఏ షాపువాడో ప్రకటన పంపి ఉంటాడు, ఆవిడ నేననుకుని ఉంటారు, ఎలాగూ మంచిపేరు వచ్చింది కదా, చెడగొట్టడం దేనికని ఊరుకున్నాను. పెసరట్టు పూర్తిచేసి ఆఫీసుకి వెళ్ళిపోయాను.

అసలు సంగతి తెలిసింది అత్తగారు నేరుగా నాకు ఫోను చేసినప్పుడు. ఆవిడ రేపల్లెలో ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు పంతులమ్మగా చేసి రిటైరయ్యారు. ఫోనులో కూడా ఆవిడ మాట్లాడుతుంటే బల్ల మీద బెత్తం చప్పుడు వినపడుతుంది నాకు.

"బాబూ, చీరలంటే సరే. ఈ పెళ్ళి కార్డు ఎవరిదండీ? మీరే రాశారా?"

"ఏ పెళ్ళి కార్డు అత్తయ్యగారూ?"

"బాపట్లలో పెళ్ళి. పెళ్ళికూతురు సునీల. తప్పులు చూడమని మీరే కదా పంపారు? దిద్దేశానులెండి. ఆహ్వానంలో దీర్ఘం లేదు, పెట్టించాను. ప్రార్థనలో ధనంలో ధ వేశారు, రథంలో థ పెట్టించాను. ఇంకోటి. కింద 'శ్రీమతి అండ్ శ్రీ జమలయ్య' అని ఉంది. శ్రీమతి ఎవరండీ? ఆవిడకి పేరుండదా? తల్లి పేరు కనుక్కుని ముందు వేయండి అని చెప్పాను. ఎంత మర్యాదగా ఉందో బాబూ మీ కంప్యూటరు, అలాగేనండి, పేరు ఆర్డరు కాగితంలో ఉంది అంది, చిటికెలో 'శ్రీమతి కనకదుర్గ, శ్రీ జమలయ్య' అని మార్చి తెచ్చింది. బాగుంది, అచ్చుకి ఇచ్చెయ్యమన్నాను."

నా చేతిలో ఉన్న టీ గ్లాసు కింద పెట్టేశాను. ప్రత్యేకంగా మీ కోసం. మొహమాటం లేకుండా. ఆ కబురు ఎవరు రాశారో అప్పుడు గుర్తొచ్చింది.

సారథి గారి గదిలోకి వెళ్ళి చెప్పేలోపే ఆయన ఫోను మోగింది. బాపట్ల నుంచి ప్రింటింగ్ ప్రెస్సు ప్రకాశరావు గారు. ఆయన గొంతు స్పీకరు అక్కర్లేకుండానే నాకు వినపడింది. పెళ్ళికూతురి తండ్రి జమలయ్య గారు నమూనా చూసుకుందామని ప్రెస్సుకి వచ్చారట. నమూనా బదులు అచ్చయిపోయిన కార్డుల కట్టలు కనపడ్డాయట. సరేనన్నది ఎవరో తేల్చేదాకా కదలనని కుర్చీ వేసుకుని కూర్చున్నారట.

"మీరే వెళ్ళి రండి భరద్వాజ గారూ" అన్నారు సారథి గారు. కోప్పడలేదు. ఆయన కోప్పడి ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది. టూల్ కట్టేసి, నా సూచనలు తెర మీద తెరిచి, ఉదాహరణలో నంబరు చూసి, "ఈ నంబరు ఎవరిదండీ?" అని అడిగారు. చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఆ అంకెలు మళ్ళీ మొదటి నుంచి చదివారు.

మర్నాడు ఉదయం బాపట్ల బండి కోసం తెనాలి స్టేషనుకి వెళ్ళేసరికి, రేపల్లె పాసింజరు దిగి మా అత్తగారు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నారు. మేధ చెప్పేసిందన్నమాట.

"అచ్చుకి ఇమ్మన్నది నేను. నేను రాకపోతే ఎలా?" అన్నారు.

"మీ తప్పేం లేదండీ అత్తయ్యగారూ."

"నా తప్పని నేనన్నానా?" అన్నారావిడ, బండెక్కుతూ.

ప్రకాశరావు గారి ప్రెస్సు స్టేషనుకి దగ్గరే. లోపల సిరా వాసన, ఒక మూల కట్టలు కట్టిన శుభలేఖలు. వాటి పక్కన కుర్చీలో జమలయ్య గారు, ఆయన వెనక గోడకి ఆనుకుని ఆయన భార్య కనకదుర్గ గారు. ప్రకాశరావు గారు నన్ను చూడగానే "రండి సార్, మీరే చెప్పండి వీళ్ళకి" అని పక్కకి తప్పుకున్నారు.

నేను బండిలో తయారుచేసుకున్న ఉపన్యాసం మొదలెట్టాను. ఏజెంటు అంటే ఏమిటో, దానికి సూచనలు ఎందుకు అవసరమో, ఒక్కోసారి అది మన మాటను ఎలా అపార్థం చేసుకుంటుందో చెప్పాను. తప్పు దానిదే అన్నట్టుగా సాగింది నా ధోరణి. జమలయ్య గారు ఓపిగ్గా విని, "అది మమ్మల్నే అడిగి ఉండొచ్చు కదండీ?" అన్నారు.

"దాన్నే అడుగుదాం" అన్నారు ప్రకాశరావు గారు. కంప్యూటరు దగ్గరికి వెళ్ళి, జమలయ్య గారి కార్డు ఆ నంబరుకి ఎందుకు పంపావని అడిగారు. జవాబు తెర మీదకి వచ్చింది. ఆయన బయటికి చదివారు.

"జమలయ్య గారు నంబరు ఇవ్వలేదు, స్వయంగా వచ్చి చూస్తానన్నారు. కానీ ఎవరికి అనే గడిని ఎట్టి పరిస్థితుల్లోనూ ఖాళీగా వదలరాదని సూచనల్లో ఉంది. సూచనల్లో ఉన్న నంబరు అదొక్కటే. అందువల్ల అదే వేశాను. ఆ నంబరు నుంచి వచ్చిన మార్పులు వివరంగా, నమ్మకంగా ఉన్నాయి. అందువల్ల పాటించాను. నేను ఆగి మిమ్మల్ని అడగాల్సింది."

గదిలో అందరూ నా వైపు చూశారు. ఇన్వర్టరు పుస్తకం రాసినన్నాళ్ళూ ఎవరైనా చదివితే బాగుండని కోరుకున్నాను. ఇలా చదువుతారని అనుకోలేదు.

"రాసింది నేనేనండీ" అన్నాను. "తప్పు నాదే."

జమలయ్య గారు తల ఊపారు. ఆయనకి నా సంగతి పెద్దగా పట్టలేదు. "అది కాదండీ. నా కార్డులో మా ఆవిడ పేరు నా పేరు కంటే ముందు పెట్టించింది ఎవరు? అది చెప్పండి చాలు."

"నేను" అన్నారు మా అత్తగారు.

జమలయ్య గారు కుర్చీలోంచి సగం లేచారు. ఆవిడ వయసు చూసి, చేతిలో గొడుగు చూసి, మళ్ళీ కూర్చున్నారు. ఆయన నోరు తెరిచే లోపు వెనక నుంచి కనకదుర్గ గారు ముందుకి వచ్చారు.

"మీరా అండీ?"

"నేనేనమ్మా. శ్రీమతి అని ఊరికే రాస్తే ఎవరనుకోవాలి?"

కనకదుర్గ గారు కట్టలోంచి ఒక కార్డు లాగి, కింద వరస మీద వేలు పెట్టి చూపించారు. "నా పేరు అచ్చులో చూసుకోవడం నా పెళ్ళి కార్డు తర్వాత ఇదేనండీ. నిన్నటి నుంచి ఈయన మార్పిస్తానంటున్నారు. నేను ఒద్దంటున్నాను. అందుకే నేనూ వచ్చి ఇక్కడే ఉన్నాను."

అప్పుడు తెలిసింది నాకు, ఆ కుర్చీ యుద్ధం ప్రెస్సుతో కాదు, ఇంట్లోదేనని.

"ఊళ్ళో నవ్వుతారే" అన్నారు జమలయ్య గారు, గొంతు తగ్గించి. "మా అన్నయ్య ఇంట్లో పెళ్ళికి ఎలా వేశారో అలాగే ఉండాలి. ఆ థ కూడా. అందరి కార్డుల్లోనూ ధ అనే ఉంటుంది, మన దానిలోనే తప్పు పడిందంటారు."

"తప్పు వాళ్ళదండీ" అన్నారు మా అత్తగారు.

"అయుండొచ్చమ్మా. కానీ వాళ్ళు ఎక్కువమంది."

మా అత్తగారు గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు.

చివరికి ప్రకాశరావు గారే దారి చూపించారు. అచ్చయినవి అచ్చయినట్టే కనకదుర్గ గారు తీసుకుని తన పుట్టింటి వైపు, తెలిసినవాళ్ళ వైపు పంచుకుంటారు. జమలయ్య గారి అన్నదమ్ముల వైపు పంచడానికి పాత పద్ధతిలో కొన్ని కార్డులు మళ్ళీ వేస్తారు. జమలయ్య గారు కాసేపు గడ్డం గోక్కుని ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాక తేలికపడి మాకు కూల్‌డ్రింకులు తెప్పించారు. "నా సెల్లు నంబరు రాసుకోండయ్యా ఇప్పుడైనా" అని ప్రకాశరావు గారికి చెప్పారు.

తిరుగు బండిలో కిటికీ పక్కన మా అత్తగారు, ఎదురుగా నేను. పొన్నూరు దాటాక ఇక దాచడం నా వల్ల కాలేదు.

"అత్తయ్యగారూ, ఆ చీరలు కూడా... అవి నేను పంపినవి కావండీ. చీరాలలో ఎవరో చేనేత వ్యాపారి షాపులో ఏజెంటు ఇలాగే మీ నంబరుకి పంపేసింది."

"తెలుసు బాబూ."

"తెలుసా?"

"పోయినసారి మా ఇంటికి వచ్చినప్పుడు మేధ కట్టుకున్న చీర రంగేంటో ఇప్పుడు చెప్పగలరా?"

ఆలోచించాను. చీర కట్టుకుందన్న సంగతి కూడా రూఢిగా చెప్పలేకపోయాను.

"కబురు కింద మీ చేరవేత పేరైతే ఉంది. కానీ ఇంట్లో చీర రంగే గుర్తులేని మీరు నాకు నెమలికంఠం రంగూ, మామిడిపిందెల అంచూ చూపిస్తున్నారంటే మొదటి రోజునే అనుమానం వచ్చింది. రెండో రోజు ఫొటో మీద ఉన్న నంబరు చూసి ఆ వ్యాపారికే ఫోను చేశాను. మంచివాడు. నెమలికంఠం రంగుది నేనే తెప్పించుకున్నాను."

"మరి అల్లుడు పంపాడని వీధిలో..."

"అది బాగుంది కదా అని చెప్పుకున్నాను. మీరు మాత్రం ఒప్పుకోకుండా ఎంతవరకు లాక్కొస్తారో చూద్దామనుకున్నా. ఫరవాలేదు, బాపట్ల దాకా వెళ్ళొచ్చాక చెప్పారు." కిటికీలోంచి గాలి వస్తుంటే కొంగు భుజం చుట్టూ కప్పుకుని మళ్ళీ అన్నారు, "తెలియకపోతే అడగమని రాయొచ్చు కదా దానికి? బళ్ళో చేరిన మొదటి రోజే పిల్లలకి చెప్పేదాన్ని నేను."

తెనాలిలో ఆవిడని రేపల్లె బండెక్కించి ఆఫీసుకి వెళ్ళాను. ఉదాహరణలోంచి నంబరు తీసేశాను. 'ఎట్టి పరిస్థితుల్లోనూ' అనే మాటని, దాని గంభీరతతో సహా తీసేశాను. "మీకు తెలియనిది ఏదీ ఊహించవద్దు. తెలియకపోతే యజమానిని అడగండి. సందేహం ఉంటే ఆగండి" అని రాశాను. ఆ ఊపులో, అడగడంలో తప్పు లేదని, అడగడం సంస్కారమని, అడిగినవాడు చెడిపోడని ఇంకో నాలుగు వాక్యాలు చేర్చాను. సారథి గారు సరేనన్నారు. నేను మళ్ళీ గొప్పవాణ్ణయిపోయినట్టు నాకు అనిపించింది.

ప్రకాశరావు గారు మళ్ళీ ఫోను చేశారు.

"సార్, మీ ఏజెంటు చాలా సంస్కారంగా తయారైందండీ. ఒక విజిటింగ్ కార్డు పంపమంటే ఎవరికి అని అడిగింది. చెప్పాను. ఆ పేరుతో మీకు ఇద్దరు తెలుసు, ఎవరు అంది. చెప్పాను. ఇప్పుడే పంపాలా అంది. పంపమన్నాను. నిజంగా పంపమంటారా అంది. ఈలోపు ఆ కస్టమరు షాపుకే వచ్చి చూసుకుని వెళ్ళిపోయాడు."

"మళ్ళీ రాస్తానండీ" అన్నాను.

మూడోసారి రాశాను. ఈసారి సారథి గారు దాన్ని నా చేతుల్లోంచి తీసుకుని, నేను మురిసిపోయిన వాక్యాలన్నిటినీ వెతికి వెతికి కొట్టేశారు. మిగిలింది అరపేజీ కూడా లేదు. అది మాత్రం ఇప్పటిదాకా బాగానే పనిచేస్తోంది.

సునీల పెళ్ళికి మమ్మల్ని పిలిచారు. మా ఇంటికి రెండు కార్డులూ వచ్చాయి, ఒకటి జమలయ్య గారు పంపింది, ఒకటి కనకదుర్గ గారు పంపింది. మా అత్తగారు నెమలికంఠం రంగు చీర కట్టుకుని రేపల్లె నుంచి వచ్చారు. బాపట్లలో కల్యాణమండపం గుమ్మంలోనే కనకదుర్గ గారు ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, తన అక్కచెల్లెళ్ళకి, వియ్యపురాలికి, "మా కార్డు దిద్దింది ఈవిడే" అని పేరుపేరునా చూపించారు. ఒక పెద్దావిడ నా వైపు చూసి ఈయనెవరని అడిగింది. కనకదుర్గ గారు కాసేపు ఆలోచించారు. నేను చేసింది ఏమని చెప్పాలో ఆవిడకి తోచలేదు.

"ఈవిడ అల్లుడుగారు" అన్నారు చివరికి.

మేధ నవ్వు ఆపుకుంటూ నన్ను భోజనాల వైపు తీసుకెళ్ళింది. గుత్తివంకాయ చాలా బాగుంది.